అరిల్యే రాస్ప్‌బెర్రీ: తోటకూ టన్నెలుకూ మధ్య పోయిన ఆరు గంటలు

2023 జనవరిలో పశ్చిమ సెర్బియాలోని అరిల్యే పట్టణానికి దగ్గరగా ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. మైనస్ 20 డిగ్రీల గదిలోంచి తెచ్చిన క్రేటును సార్టింగ్ బల్ల మీద బోర్లించి అడుగున తట్టారు. సరిగ్గా గడ్డకట్టిన రాస్ప్‌బెర్రీ అయితే గోళీలు దొర్లినట్టు గలగలా విడివిడిగా రాలాలి. ఆ క్రేటులోంచి పడింది మాత్రం ఎర్రటి ఇటుక. దాన్ని చేత్తో విడగొడితే సగం పండ్లు పగిలి పొడిపొడిగా రాలాయి. రెండో క్రేటూ అంతే. వరసగా ఇరవై క్రేట్లు తిప్పించాక, మేము కొన్న సరుకులో కొనాల్సిన పండు చాలా తక్కువ ఉందని తేలిపోయింది.

నేను జర్మనీలో, గడ్డకట్టించిన పండ్లు కొనే ఒక సంస్థలో ఫుడ్ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. మాది చిత్తూరు జిల్లా, బంగారుపాళ్యం దగ్గరి పల్లె. మా నాన్నగారు నలభై ఏళ్లుగా తోతాపురి మామిడి పండించి పల్ప్ ఫ్యాక్టరీలకు తోలుతున్నారు. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో రాత్రంతా నిలబడడం అంటే ఏమిటో చిన్నప్పటి నుంచి తెలుసు. అరిల్యే సమస్యకు జవాబు చివరికి అలాంటి వరసలోనే దొరికింది. తయారీ కోసం పండు పండించే మన రైతులకూ, దాన్ని కొనే మన టెక్నాలజిస్టులకూ ఈ అనుభవం పనికొస్తుందన్న నమ్మకంతో 2023లో అక్కడ జరిగింది వివరంగా రాస్తున్నాను.

అరిల్యే కొండల మధ్య చిన్న పట్టణం. ర్జావ్, మొరావిట్సా నదులు అక్కడ కలుస్తాయి. పదమూడో శతాబ్దపు సెయింట్ అఖిల్లియస్ చర్చి పట్టణానికి నడిబొడ్డున గుట్ట మీద ఉంటుంది. ఊరికి పేరు కూడా ఆ సాధువు నుంచే వచ్చింది. చుట్టుపక్కల ఇవాన్యిత్సా, పోజెగా వరకు ఏ వాలు చూసినా రాస్ప్‌బెర్రీ వరసలే. ప్రపంచంలో ఈ పండును ఎక్కువగా గడ్డకట్టించి ఎగుమతి చేసే దేశాల్లో సెర్బియా ముందు వరసలో ఉంటుంది. అక్కడ పండేదాంట్లో అత్యధిక భాగం తాజాగా అమ్ముడుపోదు, కోల్డ్ స్టోరేజీలకే వెళ్తుంది. వాటిని వాళ్లు హ్లాద్‌న్యాచా అంటారు. ఆ కొండల్లో ప్రతి ఊరికీ ఒకటో రెండో ఉంటాయి. తోటలు మాత్రం చిన్నవి. ఇంటి వెనక అరెకరం, దారి పక్కన ఎకరం, పైన అడవి అంచున మరో ముక్క, ఇలా ఒక కుటుంబానికి అన్నీ కలిపితే రెండెకరాలు దాటడం అరుదు.

పండించే తీరు తెలిస్తేనే సమస్య అర్థమవుతుంది. రాస్ప్‌బెర్రీ వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది, కొమ్మ మాత్రం రెండేళ్లే. ఈ ఏడు నేలలోంచి లేచిన పచ్చటి కొమ్మ చలికాలమంతా నిద్రపోయి, మరుసటి వేసవిలో పూసి కాసి ఎండిపోతుంది. కోత అయిపోగానే కాసిన కొమ్మల్ని మొదలంటా కత్తిరించి, కొత్త కొమ్మల్లో బలమైనవాటిని మాత్రం ఉంచి, స్తంభాల మధ్య లాగిన తీగలకు కట్టాలి. కొత్త కొమ్మల్ని మొదట్లో ఒకసారి తీసేసి రెండో విడత వాటినే పెంచే రైతులూ ఉన్నారు. అలా చేస్తే కాసే కొమ్మకు గాలీ వెలుతురూ బాగా అందుతాయి. నీరు నిలిచే నేల దీనికి అస్సలు పనికిరాదు. ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు ఒకసారి పట్టుకుంటే ఆ చేను మళ్లీ రాస్ప్‌బెర్రీకి లేచిరావడం కష్టం. అందుకే అక్కడివాళ్లు వాలు నేలల్ని ఇష్టపడతారు. మన మామిడికి గరుసు నేల ఎందుకు బాగుంటుందో దాదాపు అందుకే.

రకాల్లో అక్కడ రాజు విల్లమెట్. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో పుట్టి 1940ల్లో విడుదలైన పాత రకం. ముదురు ఎరుపు, మంచి పులుపు, గడ్డకట్టించడానికి అనువైన కండ. మీకర్ అనే మరో అమెరికా రకం కాస్త ఆలస్యంగా వస్తుంది. కొండ కింద జూన్ నడిమిలో మొదలైన కోత, పై ఊళ్లలో జూలై చివరి దాకా సాగుతుంది. ఒకే చెట్టు మీద పండ్లన్నీ ఒక్కసారి పండవు కాబట్టి రెండు మూడు రోజులకోసారి, మంచి ఎండలు కాస్తే ప్రతి రోజూ, అదే వరసలో తిరిగి కోయాలి.

మన రైతులకు ముఖ్యంగా చెప్పవలసిన తేడా ఇక్కడే ఉంది. తోతాపురిని ముదిరాక పచ్చిగానే కోస్తాం. ర్యాంపులో, అంటే కాయలు కొనే మండీలో, రాశి పోసినా, ఫ్యాక్టరీలో ఇథిలీన్ గదిలో పెట్టినా అది నాలుగైదు రోజుల్లో పండుతుంది. ఆ నాలుగైదు రోజులు రైతుకూ ఫ్యాక్టరీకీ కొంత ఊపిరి ఇస్తాయి. రాస్ప్‌బెర్రీకి ఆ ఊపిరి లేదు. కోశాక తీపి ఎక్కదు, రుచి పెరగదు. పూర్తిగా పండినప్పుడే కోయాలి, కోసిన నిమిషం నుంచి దిగజారుడే.

దాని కట్టడమూ అంతే సున్నితం. రాస్ప్‌బెర్రీ ఒకే కాయ కాదు. ఒక్కో పండులో వంద దాకా చిన్న చిన్న పూసలుంటాయి. ఒక్కో పూసా తనలో తాను ఒక చిన్న రేగుపండు లాంటిది, లోపల ఒక గింజ. సన్నటి నూగు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం వల్లే ఆ పూసలు దండలాగా నిలబడి ఉంటాయి. కోసినప్పుడు మధ్యలోని తెల్లటి బుడిపె చెట్టుకే ఉండిపోతుంది, చేతిలోకి వచ్చేది బోలు పండు. పైన బరువు పడితే ఆదుకోవడానికి లోపల ఏమీ ఉండదు. వేడెక్కితే పూసల గోడలు మెత్తబడతాయి, నూగు పట్టు సడలుతుంది. ఈ రెండు ముక్కలూ గుర్తుంటే మిగతా కథంతా తేలికగా అర్థమవుతుంది.

పండు నడిచే దారి ఇలా ఉంటుంది. కోత కూలీలు నడుముకు కట్టుకున్న చిన్న పాత్రలో కోసి, మూడు నాలుగు కిలోలు పట్టే లోతు తక్కువ ప్లాస్టిక్ క్రేట్లలో పోస్తారు. రైతు ఆ క్రేట్లను ట్రాక్టరు మీదో చిన్న వ్యాను మీదో ఊరి కొనుగోలు కేంద్రానికి తెస్తాడు. అక్కడ తూకం వేసి, చీటీ రాసి, వరసగా పేరుస్తారు. సాయంత్రమో రాత్రో లారీ వచ్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకుపోతుంది. అక్కడ మైనస్ 35 డిగ్రీల గాలి వీచే టన్నెలులో క్రేట్లతో సహా గడ్డకట్టిస్తారు. పండు లోపల మైనస్ 18కి దిగాక నిల్వ గదిలోకి మారుస్తారు. చలికాలంలో గిరాకీని బట్టి తీసి, తట్టి విడదీసి, గాలితో ఆకులు ఊదేసి, కెమెరాతో పనిచేసే యంత్రం మీదుగా, ఆడవాళ్ల చేతుల మీదుగా ఏరి, మెటల్ డిటెక్టర్ దాటించి పెట్టెల్లో నింపుతారు.

ఏరాక వచ్చే రకాలకు వాళ్ల పేర్లు వాళ్లవి. విడివిడిగా, నిండుగా ఉన్న పండు రోలెండ్. అందులో నూటికి 95 నిండు పండ్లుంటే ఒక ధర, 90 ఉంటే ఒక ధర. పగిలి పొడైనది గ్రిజ్. వాళ్ల భాషలో గ్రిజ్ అంటే రవ్వ. చూస్తే ఎర్రటి బొంబాయి రవ్వలాగే ఉంటుంది, జాముకూ పెరుగులో కలిపే పండ్ల మిశ్రమానికీ వెళ్తుంది. ముద్దకట్టింది బ్లాక్, దాని తర్వాత గుజ్జు. రోలెండ్‌కూ గ్రిజ్‌కూ ధరలో ఉన్న తేడాలోనే కోల్డ్ స్టోరేజీ లాభనష్టాలు ఉంటాయి. మేము రోలెండ్ అడిగాం, మాకు రవ్వ వచ్చింది.

కారణం ఏమిటని జనవరిలో అడిగితే మూడు జవాబులు వచ్చాయి. కోల్డ్ స్టోరేజీ యజమాని రైతుల్ని తప్పుపట్టారు, మెత్తటి పండు తెచ్చారన్నారు. రైతులు టన్నెలు పాతదైపోయిందన్నారు. మా ఆఫీసులో కొందరు తోటలకు వైరస్ పట్టిందన్నారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉండవచ్చు. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి పగిలిన పండే సాక్షి.

నేను నేర్చుకున్న పద్ధతి ఇది. రవ్వను తెల్లటి పళ్లెంలో పోసి భూతద్దంతో చూడాలి. వైరస్ వల్లో, పూత సమయంలో వానలు పడి తేనెటీగలు తిరగకపోవడం వల్లో పొడిపొడి అయిన పండులో పూసల సైజు ఒక్కలా ఉండదు. కొన్ని ఉబ్బి, కొన్ని అసలు ఎదగక, మధ్య మధ్య ఖాళీలు కనిపిస్తాయి. గడ్డకట్టిన తర్వాత తట్టడంలో పగిలితే అతుకు పొడిగా, శుభ్రంగా ఉంటుంది, రసం జాడ ఉండదు. గడ్డకట్టక ముందే నలిగిన పండుకైతే పూసల మీద గడ్డకట్టిన రసం పొరలాగా ఉంటుంది. ఆ రసమే పక్క పండుకు అంటుకుని ఇటుకను తయారు చేస్తుంది. మా పళ్లెంలో ఎక్కువగా కనిపించింది ఈ మూడోదే. మీకర్ తోటల నుంచి వచ్చిన కొన్ని క్రేట్లలో మాత్రం మొదటి రకం కూడా ఉంది. రాస్ప్‌బెర్రీ బుషీ డ్వార్ఫ్ వైరస్ పుప్పొడితో వ్యాపిస్తుంది, మీకర్ దానికి సులువుగా లొంగుతుంది. దానికి మందు లేదు, శుభ్రమైన మొక్కలతో కొత్తగా నాటుకోవడమే దారి. అది వేరే పని కాబట్టి పక్కన పెట్టాం.

అంటే పండు టన్నెలులోకి వెళ్లకముందే చచ్చిపోయింది. ఎక్కడ?

2022 సీజను ఎలా నడిచిందో కనుక్కుంటే దారి దొరికింది. ఆ ఏడు ధర ఎన్నడూ లేనంతగా పెరిగి కిలో 500 దినార్లు దాటింది. కోల్డ్ స్టోరేజీలు ఒకదానితో ఒకటి పోటీపడి కొన్నాయి. ఒక్కో ఊళ్లో కొత్త కేంద్రాలు వెలిశాయి. పండు చూసి కాదనే ధైర్యం ఎవరికీ లేదు, కాదంటే రైతు పక్క కేంద్రానికి పోతాడు. క్రేట్లు నిండా నింపారు, మధ్యాహ్నం ఎండలో కోసింది కూడా తీసుకున్నారు, లారీ పూర్తిగా నిండేదాకా ఆగారు. నాణ్యత గురించి మాట్లాడినవాడు ఆ ఏడు సరుకు దొరక్క నష్టపోయేవాడే. ఆ చలికాలం ఐరోపాలో గిరాకీ తగ్గింది, గదుల్లో సరుకు మిగిలిపోయింది. 2023 జూన్ వచ్చేసరికి ధర నిరుటి దానిలో సగం దగ్గరికి పడిపోయింది.

ఆ పరిస్థితిలో నేను ఆ ఊళ్లకు నాణ్యత మాట పట్టుకుని వెళ్లాను. రైతులు నన్ను ఎలా చూశారో చెప్పనక్కర్లేదు. నిరుడు కళ్లు మూసుకుని కొన్నవాళ్లు, ధర పడిన ఏడాది థర్మామీటరు పట్టుకుని వస్తే అది ధరలో కోత పెట్టడానికి సాకు అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. పైగా అక్కడ సీజనులో రైతుకు ముందు ఇచ్చేది అడ్వాన్సు ధర మాత్రమే. తుది ధర తర్వాత తేలుతుంది. పండు ఇచ్చేశాక ధర తెలుసుకునే బాధ మా ఇంట్లో నేను చూసిందే. కాబట్టి మొదటి సమావేశంలోనే యజమానితో ఒక మాట ఒప్పించుకున్నాను: ఈ సీజనులో మేము కొలిచే కొలతల ఆధారంగా ఏ రైతుకూ ఒక్క దినారు కూడా తగ్గించకూడదు. ఆ మాట యజమాని నోటితోనే రైతుల ముందు చెప్పించాను. అది లేకపోతే ఆ తర్వాతిది ఏదీ జరిగేది కాదు.

జూన్ చివరి వారంలో నాలుగు ఊళ్లలో కొలతలు మొదలుపెట్టాం. పని చాలా మామూలుది. సూది థర్మామీటరు, గడియారం, ఒక చీటీ. చీటీలో ఐదు గడులు: కోసిన సమయం, కేంద్రానికి వచ్చిన సమయం, లారీ ఎక్కిన సమయం, టన్నెలు తలుపు దగ్గరి సమయం, అప్పటి పండు లోపలి వేడి.

మొదటి వారంలోనే బొమ్మ స్పష్టమైంది. ఉదయం ఆరింటికి కోసిన పండు 16, 17 డిగ్రీలు చూపేది. పదకొండు దాటాక కోసినది 30 పైన, ఎండ తగిలిన వైపు ఇంకా ఎక్కువ. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది కోత సమయం కాదు. పొద్దున చల్లగా కోసిన పండు కూడా సాయంత్రం టన్నెలు తలుపు దగ్గర 27, 28 డిగ్రీలు చూపింది. రోడ్డు పక్కన రేకుల కింద పేర్చిన క్రేట్లలో ఆరు గంటలు, కొన్ని రోజులు ఎనిమిది గంటలు అది ఎదురుచూసింది. కోసిన పండు ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ఆ ఊపిరి వేడిని పుట్టిస్తుంది. గాలి ఆడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన క్రేట్ల నడిమి భాగం పక్కలకంటే వేడిగా ఉండేది. ఆ వేడిలో అడుగు వరస మెత్తబడి, పై బరువుకు కుంగి, రసం కార్చింది. లారీ గతుకుల్లో కుదిపి మిగతా పని పూర్తి చేసింది.

రైతులు టన్నెలు గురించి అన్నదాంట్లోనూ నిజం ఉందని అప్పుడు తెలిసింది. టన్నెలు పాడవలేదు, కానీ రాత్రి తొమ్మిదింటికి మూడు లారీల వేడి పండు ఒకేసారి లోపలికి తోస్తే దాని శక్తి అంతా ఆ వేడిని దించడానికే ఖర్చయిపోయేది. గడ్డకట్టడం మెల్లగా సాగింది. మెల్లగా గడ్డకడితే పండులో మంచు స్ఫటికాలు పెద్దవిగా పెరిగి పూసల గోడల్ని చీలుస్తాయి. కరిగించినప్పుడు రసమంతా వదిలేస్తుంది. ఒకే పొరపాటుకు రెండు చోట్ల మూల్యం చెల్లించాం.

దీన్ని సరిచేయడంలో నా మొదటి సలహా తప్పయింది. తడి గోనె కప్పితే చల్లగా ఉంటుందని, మా ఊళ్లో చూసిన అలవాటుతో, క్రేట్ల మీద తడిపిన బట్ట కప్పించాను. వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గిన మాట నిజమే. కానీ పై వరస పండ్లకు తేమ పట్టింది. టన్నెలులో ఆ తేమ మంచుగా మారి పండ్లను అతికించింది. తేమ ఉన్నచోట బూడిదరంగు బూజు కూడా తొందరగా లేస్తుంది. రెండో రోజు ఉదయం క్రేటు బోర్లించి చూడగానే ఆ పద్ధతి ఆపేశాం. రాస్ప్‌బెర్రీకి చల్లదనం కావాలి కానీ తడి కూడదని నాకు ఆ ఇటుక నేర్పింది.

పనిచేసినవి ఇవి. లారీ నిండేదాకా ఆగడం మానేసి, రోజుకు రెండు విడతలు నడిపాం. మొదటిది ఉదయం పదకొండుకల్లా బయలుదేరుతుంది, సగం నిండినా సరే. కేంద్రాల్లో క్రేట్ల వరసల మధ్య చెయ్యి పట్టేంత సందు వదిలి, దక్షిణపు ఎండ పడకుండా నీడ వల కట్టించాం. క్రేటు అంచుకు నాలుగు వేళ్ల కిందే నింపడం ఆపాలని గీత గీశాం. కోల్డ్ స్టోరేజీలో ఖాళీగా ఉన్న ఒక గదిని సున్నాకు దగ్గరగా నడిపి, వచ్చిన పండును ముందు అందులో గాలి ఆడేలా ఉంచి, చల్లబడ్డాకే టన్నెలుకు పంపాం. డీజిలు ఖర్చు పెరిగింది, యజమాని గొణిగారు. మధ్యాహ్నం కోత పూర్తిగా ఆపించడం మాత్రం మా వల్ల కాలేదు. దక్షిణ సెర్బియా నుంచి వచ్చి రైతుల ఇళ్లలోనే తిండీ బసా పెట్టుకుని కోసే కూలీలకు కిలో లెక్కన కూలి. వాళ్ల రోజును సగానికి తగ్గిస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు? చివరికి పొద్దున నాలుగున్నరకు మొదలుపెట్టి, పదకొండుకు ఆపి, మళ్లీ ఐదింటికి దిగే పద్ధతికి కొన్ని కుటుంబాలు ఒప్పుకున్నాయి. అందరూ కాదు.

వీటన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది గుర్తు క్రేట్లు. ప్రతి ఊరి నుంచి ప్రతి విడతలో మూడు క్రేట్లకు పసుపు పట్టీ కట్టి, వాటిని మిగతావాటితో పాటే గడ్డకట్టించి, రెండు రోజుల తర్వాత ఉదయం ఆ ఊరి రైతులు ఇద్దరి ముందు బోర్లించేవాళ్లం. నిండు పండు ఒక పక్క, రవ్వ ఒక పక్క, ముద్ద ఒక పక్క. వాళ్లే తూచి, వాళ్లే పలక మీద రాసేవారు. పక్కనే చీటీలోని సమయాలు. ఒక పెద్దాయన, డెబ్బై దాటినవారు, రెండు తూకాలయ్యాక నా వైపు తిరిగి, "సిన్కో, ఇది నా చేను చేసిన తప్పు కాదు, ఆ రోడ్డు చేసిన తప్పు" అన్నారు. సిన్కో అంటే నాయనా అని. మధ్యాహ్నం లారీకి ఇచ్చిన తన క్రేటునూ, పొద్దున ఇచ్చిన తన క్రేటునూ పక్కపక్కన పెట్టి చూపారు. చేను ఒకటే, చేతులు ఒకటే. పొద్దున్నది గలగలా రాలింది.

అప్పటిదాకా నన్ను ఇంజనీరు అని దూరంగా పిలిచిన ఊరు, ఆ తర్వాత నేను వెళ్లకముందే క్రేట్లకు పట్టీలు కట్టి ఉంచేది. వాళ్ల పండు బాగుందని వాళ్ల చేతికే సాక్ష్యం దొరికింది. కోల్డ్ స్టోరేజీ గోడ వెనక ఏం జరుగుతుందో నలభై ఏళ్లలో ఎవరూ వాళ్లకు చూపించలేదు.

జూలై మూడో వారానికి మూడు ఊళ్ల గుర్తు క్రేట్లలో ఇటుకలు దాదాపు కనిపించడం మానేశాయి. ఆ చలికాలం మేము ఏరించిన సరుకు ఎక్కువగా 95 రకం రోలెండ్‌లోనే నిలిచింది. వెనక్కి పంపాల్సిన పెట్టె ఒక్కటీ రాలేదు. నాలుగో ఊరు, అన్నిటికంటే పైన ఉన్నది, మాకు లొంగలేదు. అక్కడికి దారి మట్టిది, కోల్డ్ స్టోరేజీ నుంచి గంటకు పైగా ప్రయాణం. రెండో విడత లారీ వానలో రెండుసార్లు ఇరుక్కుపోయింది. నిజానికి ఆ ఊరి పండే అన్నిటికంటే గట్టిది, రాత్రులు చల్లగా ఉండే ఎత్తులో మెల్లగా పండింది. మంచి పండు చెడ్డ దారిలో పాడవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఈ కేసులో మరో విషయం ఉంది, అది లేకుండా రాస్తే తప్పు చేసినట్టవుతుంది. రాస్ప్‌బెర్రీని గడ్డకట్టించే ముందు కడగరు. కడిగితే చితికిపోతుంది, నూగు మధ్య నీరు నిలిచిపోతుంది. మామిడి పల్ప్‌ను తొంభై డిగ్రీలు దాటించి మరగకాస్తాం కాబట్టి కోతలో జరిగిన చిన్న అశుభ్రత అక్కడ చచ్చిపోతుంది. ఇక్కడ ఆ మెట్టే లేదు. కోసిన చెయ్యి తాకిన పండే నేరుగా తినేవాడి గిన్నెలో పడుతుంది. గడ్డకట్టించడం నోరోవైరస్‌నూ హెపటైటిస్ ఏ వైరస్‌నూ చంపదు, భద్రంగా నిల్వ చేస్తుంది. 2005లో డెన్మార్కులో వెయ్యిమందికి పైగా వాంతులూ విరేచనాలతో బాధపడడానికి పోలండ్ నుంచి వచ్చిన గడ్డకట్టిన రాస్ప్‌బెర్రీలు కారణమయ్యాయి. ఫిన్లాండ్ ఆహార శాఖ ఇప్పటికీ విదేశీ గడ్డకట్టిన బెర్రీలను తినే ముందు 90 డిగ్రీల వద్ద ఐదు నిమిషాలు వేడిచేయమనో, రెండు నిమిషాలు మరిగించమనో చెబుతుంది. అందుకే చేను గట్టున మరుగుదొడ్డి, పారే నీరు, సబ్బు, ఒంట్లో బాగాలేని కూలీని పండు దగ్గరికి రానివ్వకపోవడం, ఆ రోజు కూలి మాత్రం ఇవ్వడం అనేవాటిని ఒప్పందంలో పెట్టించాను. చివరిది ఒప్పించడానికి అన్నిటికంటే ఎక్కువ వాదించాల్సి వచ్చింది. కూలి పోతుందంటే ఎవరూ కడుపునొప్పి ఉందని చెప్పరు. ఆ డబ్బు మా సంస్థ, కోల్డ్ స్టోరేజీ చెరి సగం పెట్టుకున్నాయి.

డబ్బు సంగతికొస్తే, ఆ ఏడు రైతుకు అదనపు ధర ఇప్పించలేకపోయాను. ఉన్న ధరలో కోత పెట్టకుండా ఆపగలిగాను, అంతే. మార్కెట్టు పడిన ఏడాది కొన్ని కుటుంబాలు తోటలు పీకేశాయి. అందులో మా చీటీలు అందరికంటే శ్రద్ధగా రాసిన ఒక కుటుంబమూ ఉంది. వాళ్ల ఇంటి వెనక వాలు 2024 వసంతంలో వెళ్లి చూస్తే మొక్కజొన్న వేసి ఉంది. స్తంభాలు ఒక మూల పేర్చి ఉన్నాయి. నాణ్యత మెరుగుపరచమని అడిగినవాళ్లం దాని విలువను అదే ఏడాది రైతుకు చేర్చలేకపోతే మా పని సగమే అయినట్టు. 2024 నుంచి మా ఒప్పందంలో పొద్దున విడత పండుకు వేరే ధర రాయించాం. పెద్ద మొత్తం కాదు, కానీ సీజనుకు ముందే రాసి ఉంటుంది.

మా ఇంటి సంగతి కూడా ఒకటి. 2025లో చిత్తూరులో తోతాపురి ధర కుప్పకూలి, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు అన్న సీజనులో సెలవు మీద ఊళ్లో ఉన్నాను. నాన్నగారి ట్రాక్టరుతో పాటు నేనూ వరసలో నిలబడ్డాను. కోసిన సమయం, గేటు దగ్గరి సమయం రాసుకుంటూ పోయాను, అలవాటు కొద్దీ. మామిడి రాస్ప్‌బెర్రీ కాదు, తట్టుకుంటుంది. అయినా ఎండలో రెండు పగళ్లు నిలిచిన లోడు అడుగున నలిగిన కాయల్ని తీసి పక్కన పడేస్తూ నాన్నగారు, "ఇవి తోటలో ఇలా లేవురా" అన్నారు. అరిల్యే పెద్దాయన మాట ఆయనకు చెప్పాను. చీటీ ఎలా ఉంటుందో చూపించమన్నారు. ఫోనులో ఫోటో చూపించాను.

ఆ ఫోటోలోని చీటీకి ఇప్పుడు ఐదు గడులు కాదు, ఆరు ఉన్నాయి. పైన ఉన్న ఆ నాలుగో ఊరివాళ్లు తామే ఒకటి చేర్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల కేంద్రంలో ఒక చిన్న చల్లగది ఉంది. కొన్ని కుటుంబాలు కలిసి పాత పాల గదిని బాగుచేయించుకున్నాయి. రెండో విడత లారీ ఇక అక్కర్లేదు. కొత్త గడికి వాళ్లు పెట్టిన పేరు ట్సేనా, అంటే ధర. కోల్డ్ స్టోరేజీ దాన్ని అచ్చు వేయించడానికి ఇంకా ఒప్పుకోలేదు. వాళ్లు మాత్రం ప్రతి చీటీ మీద స్కేలు పెట్టి పెన్సిలుతో ఆ గడి గీసి, పొద్దున తూకానికి తెస్తున్నారు.